లాగ్ బుక్ లేని కారు

సిడ్నీకి ఆన్‌సైట్ వచ్చి ఎనిమిది నెలలైనా నేను చూసింది ఆఫీసు, రైలు, ఇండియన్ స్టోరు. అంతే. అందుకే మొన్న లాంగ్ వీకెండ్‌కి రూమ్మేటు "బాథర్స్ట్ వెళ్దాం రా, రెండొందల కిలోమీటర్లే" అనగానే బయల్దేరిపోయాను. కార్ల రేసుల గురించి నాకు తెలిసింది సున్నా అని ముందే ఒప్పేసుకుంటున్నా.

బాథర్స్ట్‌లో మౌంట్ పనోరమా అనే కొండ మీద 6.213 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. తమాషా ఏంటంటే, రేసుల్లేని రోజుల్లో అది మామూలు రోడ్డే. స్పీడ్ లిమిట్ అరవై. మేమూ అద్దె కారులో ఓ చుట్టు కొట్టాం, బుద్ధిగా అరవైలోనే :) ఇక్కడ పెద్ద రేసు 1963లో 500 మైళ్లతో మొదలై, 1973లో 1000 కిలోమీటర్లయింది. పరిగెత్తేవి టూరింగ్ కార్లు, అంటే రోడ్డు మీద కనిపించే కార్ల లాంటివే.

పక్కనే మ్యూజియం ఉంటే దూరాం. పాత కార్ల దగ్గర నిలబడ్డ ఓ పెద్దాయన్ని "గెలిచిన కార్లన్నీ దాచిపెట్టారా?" అని అడిగాను. ఆయన నవ్వి, గంటసేపు క్లాసు పీకాడు. రూమ్మేటు కాఫీ తాగొచ్చినా అయిపోలేదు.

1972 దాకా ఇక్కడ పరిగెత్తినవి దాదాపు షోరూమ్ కార్లేనట. రేసు అయ్యాక సెకండ్ హ్యాండులో అమ్మేసేవాళ్లు. తర్వాత వచ్చిన గ్రూప్ సి కార్ల కథ ఇంకా ఘోరం. 1985లో రూల్స్ మారి గ్రూప్ ఎ వచ్చింది. అప్పటిదాకా రాజుల్లా తిరిగిన కార్లు పెద్ద రేసులకి పనికిరాకుండా పోయాయి. మన భాషలో చెప్పాలంటే డెప్రికేటెడ్. కొన్నిటిని చిన్న రేసుల వాళ్లు కొనుక్కుని కోసి, అతికించి, రంగు మార్చేశారు. కొన్ని షెడ్లలో పడున్నాయి.

ఇప్పుడు వాటి కోసమే వెతుకులాట. ఎందుకంటారా? 1982లో పీటర్ బ్రాక్, లారీ పెర్కిన్స్ గెలిచిన హోల్డెన్ కమొడోర్ ఉంది. 1983లో బ్రాక్ కొత్త కారు ఇంజిన్ మొదట్లోనే పోతే, ఆ పాత కారునే మళ్లీ ఎక్కి, జాన్ హార్వీతో కలిసి మళ్లీ గెలిచారు. ఆ కారు 2018లో వేలంలో 21 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు పలికింది! అంత డబ్బున్న చోట దొంగ కార్లు రాకుండా ఉంటాయా? అందుకే బాడీ నంబరు చూస్తారు, రోల్ కేజ్ వెల్డింగుల్ని పాత ఫోటోలతో పోలుస్తారు, రంగు గీకి కింద ఏ రంగుందో చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం లాగ్ బుక్. ప్రతి రేసు కారుకీ ఒకటి ఉంటుంది, ఏ రేసులో పాల్గొంది, తనిఖీలో ఏం తేలింది అని ఎక్కిస్తూ పోతారు.

1983లోనే ఇంకో విచిత్రం. డిక్ జాన్సన్ ఆకుపచ్చ ఫాల్కన్ శనివారం చెట్లలోకి దూసుకెళ్లి నుజ్జయిపోయింది. రాత్రికి రాత్రి వేరేవాళ్ల ఫాల్కన్ తీసుకుని, పాతదాంట్లో మిగిలిన సామాన్లు దీనికి బిగించి, ఆకుపచ్చ రంగేసి ఆదివారం రేసుకి నిలబెట్టారు. మరి ఆదివారం పరిగెత్తింది ఏ కారు? నేను బుర్ర గోక్కుంటుంటే పెద్దాయన ఒకటే అన్నాడు: "రాసిపెట్టారు కాబట్టి మనకి తెలుసు. రాయకపోతే అది ఒట్టి ఆకుపచ్చ కారు."

తిరుగు దారిలో రూమ్మేటు పాటలు పెట్టాడు కానీ నాకు ఎక్కలేదు. ఎందుకో చెప్తాను.

రెండేళ్ల క్రితం హైదరాబాదులో మా ప్రాజెక్టు కోడుని ఎస్‌వీఎన్ నుంచి గిట్‌కి మార్చే పని నాకిచ్చారు. హిస్టరీతో సహా తేవాలంటే వీకెండ్ మొత్తం పోతుంది. శనివారం మా అక్క కొడుకు పుట్టినరోజు. "లేటెస్ట్ కోడ్ చాలు, పాతవన్నీ ఎవడు చూస్తాడు?" అని నేనే అన్నాను. అందరూ సరేనన్నారు. ఒకే కమిట్, నా పేరుతో. నెల తర్వాత పాత సర్వరు తుడిచేశారు. ఇప్పుడు ఏ లైను మీద బ్లేమ్ కొట్టినా నేనే. ఆరుగురి ఐదేళ్ల పని!

మొదట్లో దాని మీద జోకులేసుకున్నాం. అప్రైజల్స్ అప్పుడు మాత్రం ఎవరెవరు ఎంత చేశారని పైవాళ్లు రిపోర్టు తీశారు. రెండేళ్లు రాత్రులు కూర్చుని బిల్లింగ్ మాడ్యూల్ రాసిన కుర్రాడికి దాంట్లో చిల్లర కమిట్లే కనిపించాయి. నేను మేనేజరుతో నోటితో చెప్పాను. "ప్రూఫ్ ఉందా?" అన్నాడు. లేదు, నేనే పారేశాను. ఆ కుర్రాడు నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత మూడు నెలలకి కంపెనీ మారిపోయాడు.

సోమవారం ఆఫీసుకెళ్లి పాత మెయిళ్లు, రివ్యూ నోట్స్ తవ్వాను. ఏ మాడ్యూల్ ఎవరు రాశారో, ఎందుకలా రాశారో దొరికినంతవరకు పేర్లతో సహా ఒక ఫైల్లో పెట్టి కోడుతో పాటే చెక్ ఇన్ చేశాను. ఫైలు పేరు లాగ్ బుక్. బిల్లింగ్ దగ్గర ఆ కుర్రాడి పేరు రాసి, స్క్రీన్ షాట్ పంపాను. పోయిన రేటింగు దాంతో తిరిగి రాదని తెలుసు.

సాయంత్రానికి జవాబొచ్చింది. "థాంక్సన్నా. టాక్స్ రౌండింగ్ కూడా నేనే రాశా, అది కూడా పెట్టు."

పెట్టాను.