తాతగారి ఇనుప గుండు

ఒక వేసవి సెలవుల్లో పిల్లలతో కలిసి మేము బొమ్మ రైలుమార్గం వేయ తలపెట్టాము. నౌపడ నుండి టెక్కలి వరకు, 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్నబండి మొదలైన దారి. ఆ బండి 2004లో ఆగిపోయి పెద్ద లైను వచ్చింది గనుక మా పిల్లలు దానిని చూడనే లేదు.

87 వంతుల్లో ఒక వంతు కొలత తీసుకున్నాము. అలా చేసినా కిలోమీటరు పదకొండున్నర మీటర్లయింది! మా వరండా నాలుగు మీటర్లే. చేసేది లేక దారిలోని పొలాలన్నీ మానేసి రెండు స్టేషన్లే ఉంచాము. 762 మిల్లీమీటర్ల పట్టాల ఎడం 9కి దగ్గరగా వచ్చింది. ఆ కొలత పట్టాలు దొరుకుతాయి. స్టేషను కప్పులకు పలాస జీడిపప్పు డబ్బాల రేకు సరిపోయింది.

నాన్నగారు స్టేషను మాస్టరుగా రిటైరయ్యారు. "ముందు సిగ్నలు సంగతి చూడండిరా" అన్నారు. మేము వినలేదు. ఒకనాడు చిన్నవాడు రెండు బండ్లను ఎదురెదురుగా వదిలాడు. ఢీకొన్నాయి. అందరం నవ్వాము. నాన్నగారు భోజనం చేయకుండానే లేచిపోయారు.

తెల్లవారి చూస్తే రెండు చెక్కపెట్టెలకు మేకులు కొడుతున్నారు. వెనుకటి రోజుల్లో ఒంటి లైను మీద డ్రైవరు చేతికి ఇనుప గుండు ఇచ్చేవారు. ఒకటి బయటికి తీస్తే రెండు స్టేషన్ల యంత్రాలూ బిగుసుకుపోతాయి. అది అవతల చేరి యంత్రంలో పడేదాకా మరొకటి రాదు. మాకు లారీ బేరింగు గుండు ఒక్కటే. అది ఏ పెట్టెలో మేకులను తాకితే ఆ స్టేషను బండికే కరెంటు.

"నిజం బండ్లు గుద్దుకోవడం చూశావా తాతా?" అని చిన్నవాడడిగాడు.

"ముందు గుండు పట్టుకెళ్లి టెక్కలి పెట్టెలో వెయ్యరా" అన్నారు నాన్నగారు, తల ఎత్తకుండానే.