ఆయిల్‌తో ఆలోచించే గేర్‌బాక్స్

ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల ఇంత కథ ఉందని ఇన్నేళ్లలో నాకు ఒక్కరూ చెప్పలేదు! ఇంజిన్ గురించి మాట్లాడమంటే వంద మంది ముందుకొస్తారు. పిస్టన్లు, ఎగ్జాస్ట్, హార్స్‌పవర్ అంటూ తెల్లారేదాకా చెబుతారు. గేర్‌బాక్స్ సంగతి ఎత్తితే మాత్రం "స్పీడు కావాలంటే మాన్యువల్ కొనుక్కోవాల్సింది" అని తేల్చేస్తారు. ఆ మాట అనేవాళ్లందర్నీ తీసుకెళ్లి, విప్పిన ఆటోమేటిక్ ముందు ఒక గంట కూర్చోబెట్టాలనిపిస్తోంది నాకిప్పుడు.

నా బండి 1996 షెవర్లే ఇంపాలా ఎస్ఎస్. డాలస్ పక్కనే ఆర్లింగ్టన్ ఫ్యాక్టరీలో తయారైంది. ఆ తరం మోడల్‌కి అదే ఆఖరి ఏడాది, ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీ ట్రక్కుల వైపు మళ్లింది. 5.7 లీటర్ల ఎల్‌టీ1 ఇంజిన్, 260 హార్స్‌పవర్, వెనకాల నాలుగు గేర్ల 4ఎల్60-ఇ ఆటోమేటిక్. రోజూ ఆఫీసుకి, కిరాణా సామానుకి, గుడికి, అన్నింటికీ ఇదే. ఇంజిన్‌లో దమ్ముంది కానీ గేరు మారేటప్పుడు ఆ దమ్ము ఎక్కడో నీరుగారిపోయేది. ఒకటి నుంచి రెండుకి వెళ్లేటప్పుడు బండి ఒక నిట్టూర్పు విడిచి, తీరిగ్గా అందుకునేది. పాతబడింది కదా, అంతేలే అనుకునేవాణ్ణి.

ఇర్వింగ్‌లో మాకు తెలిసిన అన్న ఒకాయన ఉన్నాడు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పని నేర్చుకున్నవాడు, ఇక్కడికొచ్చాక ఆటోమేటిక్‌ల మీద పడ్డాడు. బండి నడిపి చూసి, "పాతబడి కాదు తమ్ముడూ. కొత్తదైనా ఇలాగే ఉంటుంది. వాళ్లే కావాలని అట్లా చేశారు" అన్నాడు. కావాలని! ఆ ఒక్క మాటతో నా శనివారాలన్నీ ఆయన గ్యారేజీకి రాసిచ్చేశాను.

పాన్ విప్పి, ఎర్రటి ఆయిల్ వంచేసి, ఫిల్టర్ తీసి, ఆయన వాల్వ్ బాడీని కిందకి దింపాడు. మూరెడు కూడా లేని అల్యూమినియం దిమ్మ. దాన్నిండా వంకరటింకర కాలవలు. ఒకటి ఇంకోదాన్ని దాటుకుంటూ, ఎక్కడో కలుస్తూ, ఎక్కడో ఆగిపోతూ పోతుంటాయి. వాటి మధ్య చిన్న చిన్న వాల్వులు, స్ప్రింగులు. ప్లేట్ ఊడదీయగానే శనగ గింజంత ఉక్కు గోళీలు ట్రేలోకి టపటపా రాలాయి. ఆయిల్ ఏ దారిన పోవచ్చో, ఏ దారిన పోకూడదో చూసేవి ఆ గోళీలే. "ఇదే దీని బుర్ర" అన్నాడు అన్న.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి నా కన్ను సోలినాయిడ్ల మీద, అంటే కరెంటుతో పనిచేసే వాల్వుల మీద పడింది. గేర్లు మార్చడానికి ఉన్నవి రెండే. ఒక్కోటి ఆన్‌లోనో ఆఫ్‌లోనో ఉంటుంది. అంటే రెండు బిట్లు, నాలుగు గేర్లు! మొదటి గేరుకి రెండూ ఆన్. రెండో గేరుకి మొదటిది ఆఫ్. మూడుకి రెండూ ఆఫ్. నాలుగుకి మొదటిది మళ్లీ ఆన్. వరస జాగ్రత్తగా చూడండి: గేరు మారిన ప్రతిసారీ ఒక్క బిట్టే మారుతుంది, రెండూ ఒకేసారి ఎప్పుడూ మారవు. మేం చదువుకున్న గ్రే కోడ్ అచ్చంగా ఇదే. 1993లో వచ్చిన ఒక గేర్‌బాక్స్ కడుపులో, ఆయిల్ మధ్యలో, గ్రే కోడ్! నేను గ్యారేజీలో గెంతినంత పని చేశాను.

ఇక ఆ నిట్టూర్పు సంగతి. రెండో గేరు పడాలంటే ఒక ఉక్కు బ్యాండు వచ్చి డ్రమ్మును చుట్టూ బిగించి పట్టుకోవాలి. బ్యాండును బిగించేది సర్వో అనే పిస్టన్, దాన్ని తోసేది ఆయిల్ ఒత్తిడి. అయితే అదే దారిలో అక్యుమ్యులేటర్ అని ఇంకో చిన్న పిస్టన్ స్ప్రింగును ఆనుకుని ఉంటుంది. వచ్చే ఆయిల్‌లో కొంత అది మింగేస్తుంది. అందుకే బ్యాండు ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా పట్టుకుంటుంది. కూర్చున్నవాళ్లకి కుదుపు తెలియదు, చేతిలో కాఫీ ఒలకదు. ఆ మెత్తదనం కోసమే ఫ్యాక్టరీవాళ్లు అంత కష్టపడ్డారు.

నన్ను కుర్చీలోంచి లేపిన విషయం ఆ తర్వాత తెలిసింది. బ్యాండు మెల్లగా పట్టుకునే ఆ కాసేపూ అది డ్రమ్ము మీద జారుతూనే ఉంటుంది. జారితే రాపిడి, రాపిడితో వేడి, వేడికి అరుగుదల. క్లచ్ ప్లేట్లదీ అదే వరస. మెత్తగా గేరు మారే బండి సుఖంగా ఉందనుకుంటాం, కానీ ఆ సుఖానికి లోపల ప్లేట్లు అరుగుతున్నాయి! గేరు చురుగ్గా పడితే జారుడు తగ్గుతుంది, గేర్‌బాక్స్ ఎక్కువకాలం మన్నుతుంది. స్పీడు కోసం చేసే పని ఆయుష్షు కూడా పెంచుతుందంటే ఇంతకన్నా ఏం కావాలి? శృతి మించితే వేరే భాగాలు దెబ్బతింటాయి, రోజూ తిరిగే బండికి ఓ మోస్తరు గట్టిదనం చాలు అని అన్న మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాడు.

చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. ట్రాన్స్‌గో వాళ్ల షిఫ్ట్ కిట్ తెప్పించాం. కొన్ని బిరుసు స్ప్రింగులు, వాల్వులు, గాస్కెట్లు. సెపరేటర్ ప్లేట్ అనే రేకులో రెండో గేరుకి ఆయిల్ వెళ్లే రంధ్రాన్ని కిట్‌లో చెప్పిన సైజు బిట్‌తో అన్న పెద్దది చేశాడు. పాత రంధ్రం, కొత్త రంధ్రం పక్కపక్కన పెట్టి చూస్తే తేడా కంటికి సరిగ్గా ఆనదు. నడిపితే ఒళ్లంతా తెలుస్తుంది. దాంతో పాటే కార్వెట్ సర్వో వేశాం. నా బండిని చేసిన జీఎం కంపెనీయే తన కార్వెట్ స్పోర్ట్స్ కారు కోసం చేసిన, కాస్త పెద్ద పిస్టన్ అది. అదే ఒత్తిడి ఎక్కువ వైశాల్యం మీద పడుతుంది కాబట్టి బ్యాండు పట్టు పెరుగుతుంది. పదో తరగతిలో చదివిన పాస్కల్ ఇన్నేళ్లకి నా బండిలోకి వచ్చాడు.

మూడో గేరు ఇంకా ముద్దొస్తుంది. మూడో గేరు క్లచ్‌ను బిగించే ఆయిలే సర్వో అవతలి వైపుకి కూడా వెళ్లి బ్యాండును వదిలిస్తుంది. కొత్త గేరును పట్టుకునే చెయ్యి, పాత గేరును విడిపించే చెయ్యి ఒకటే. ఇది ఎవరికి తోచిందో గానీ, వాళ్లకి దణ్ణం పెట్టాలి.

టార్క్ కన్వర్టర్ మార్చడానికి మాత్రం గేర్‌బాక్స్ మొత్తం దింపాల్సి వచ్చింది. దీని మూలపురుషుడు హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు. 1905లో ఆయన పేటెంట్ తీసుకున్నది కార్ల కోసం కూడా కాదు, ఓడల కోసం! ఇంజిన్ తిప్పే పంపు ఆయిల్‌ను విసురుతుంది, ఎదురుగా ఉన్న టర్బైన్ ఆ విసురుకి తిరుగుతుంది. మధ్యలో స్టేటర్ అనే రెక్కల చక్రం ఆయిల్‌ను మలుపు తిప్పి పంపుతుంది కాబట్టి, బండి కదిలే క్షణంలో టార్క్ దాదాపు రెట్టింపు అవుతుంది. ఫ్యాక్టరీ కన్వర్టర్ ఇంజిన్‌ను నిమిషానికి రెండు వేల చుట్ల లోపే పట్టి ఉంచుతుంది. మేం వేసిన కొత్తది సైజులో చిన్నది, 2,400 దాటనిస్తుంది. అక్కడ ఇంజిన్‌కి ఊపిరి బాగా ఆడుతుంది. హైవే ఎక్కాక లాకప్ క్లచ్ పడితే జారుడే ఉండదు, రోజువారీ తిరుగుడుకి ఆ లాకప్ ఉన్న కన్వర్టరే కావాలి.

బాక్స్ ఎలాగూ దిగింది కదా అని సన్ షెల్ కూడా మార్చాం. ఈ గేర్‌బాక్స్‌లో పేరుమోసిన బలహీన భాగం అది. అది తెగితే రెండు, నాలుగు, రివర్స్ మూడూ ఒకేసారి పోతాయి. ఇప్పుడు గట్టిపరిచిన ఉక్కుది వేశాం. రేడియేటర్ ముందు ఒక ఆయిల్ కూలర్ కూడా బిగించాం. 175 ఫారన్‌హీట్ దాటాక ప్రతి 20 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్‌లు లెక్క చెప్పుకుంటారు. ఇంజిన్‌ను ఎక్కువ చుట్ల దాకా పోనిచ్చే కన్వర్టర్ వేడి కూడా పెంచుతుంది, పైగా ఇది టెక్సస్ ఎండ. మిగతావన్నీ వాయిదా వేసుకోవచ్చు గానీ కూలర్ మాత్రం ముందే పడాలి.

ఇప్పుడు నడిపితే ఎలా ఉందో చెప్పనా? 635 హైవే మీదకి ర్యాంప్ ఎక్కుతూ గట్టిగా తొక్కితే "టక్" మని రెండో గేరు పడుతుంది, సీటు వీపును తోస్తుంది, పక్క లేన్లో ట్రక్కు వెనకబడిపోతుంది. దాదాపు పందొమ్మిది వందల కిలోల బండి ఇది! అదే బండి వీధిలో మెల్లగా పోతుంటే ఎప్పటిలానే బుద్ధిగా ఉంటుంది. తొక్కుడును బట్టి కంప్యూటర్ ఆయిల్ ఒత్తిడిని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి, మెల్లగా నడిపేటప్పుడు గేరు కూడా మెల్లగానే మారుతుంది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ వెనక సీట్లో కూర్చుని గుడికి వచ్చింది. "బండి బాగుచేయించావా నాన్నా? సులువుగా పోతోంది" అంది. కుదుపు ఊసే ఎత్తలేదు.

ఇంకా కంప్యూటర్ మిగిలి ఉంది. గేరు ఎప్పుడు మార్చాలో, మార్చేటప్పుడు ఇంజిన్ జోరు ఎంత తగ్గించాలో అందులో పట్టికలుగా రాసి ఉంది. ఆ అంకెలన్నీ పాత మెత్తటి వాల్వ్ బాడీకి, పాత కన్వర్టర్‌కి సరిపోయేవి. పూర్తిగా తొక్కినప్పుడు గేరు ఇంకాస్త ఆలస్యంగా మారాలి, జోరు తగ్గింపు కొంచెం తగ్గాలి. అన్నకి ఆయిల్ తెలుసు, నాకు పట్టికలు తెలుసు. ఆ పట్టికలు మార్చడానికి కావాల్సిన కేబుల్ ఆర్డర్ పెట్టేశాను, శనివారానికి వచ్చేస్తుంది.