తీగ చేరిన యిల్లు, చేరని యిల్లు

మా మోకిలలో విల్లాల ప్రహరీలోనికి ఫైబరు తీగ ముందే వచ్చెను. పాత యూరి కడవీధికి రాలేదు. 2020లో బడులు మూతపడినప్పుడు, ఆ వీధి బాలుఁడొకఁడు పాఠము వినుటకై దినదినము మా యరుగుపైఁ గూర్చుండెడివాఁడు. అప్పుడు మాకీ తారతమ్యమునకుఁ గారణము విచారింప బుద్ధిపుట్టెను.

విల్లాలన్నియు నొక్కచోట నున్నవి. ఒక్క కాలువ త్రవ్వినఁ జాలును. కడవీధిలో నాలుగిండ్లకై యంత దూరము త్రవ్వవలెను. దేశములకును ఇదియే న్యాయము. దక్షిణ కొరియాలో నొక్క మేడయందే పెక్కు కాపురము లుండుటచే వ్యయము పలువురకుఁ బంపకమగును. అమెరికాలో నిండ్లు ఎడమెడముగా నుండుటయు, కూలి హెచ్చగుటయు, పలుచోట్లఁ బోటీ కొఱవడుటయు వెలను బెంచును. 2017లో జాతి కంకితమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, ఉన్న విద్యుత్ స్తంభములపైననే తీగ లాగి, నెలకు 149 రూపాయలు మొదలుగా ఇంటర్నెట్టు నొసఁగెను.

విద్యార్థులారా! త్రవ్వకపు ఖర్చు మన చేతిలోనిది కాదు; అరుగు మనదే. తీగ గలవారు లేనివారి బిడ్డకు చోటిండు.