హ్యాక్నీ దరువు ఎవరిది?

తూర్పు లండన్‌లోని హ్యాక్నీలో రిడ్లీ రోడ్ సంతకు వెళ్తే కరీబియన్, ఆఫ్రికన్, టర్కిష్ సరుకులు పక్కపక్కనే కనిపిస్తాయి. ఈ కలగలుపే 'షట్ అప్ అండ్ డాన్స్' సంగీతంలోనూ వినిపిస్తుంది. హ్యాక్నీకి చెందిన ఈ నల్లజాతి యువకులిద్దరూ హిప్‌హాప్ బ్రేక్‌బీట్‌కు వేగం పెంచి రేవ్ పార్టీలను ఊపేశారు. 1992లో వారి 'రేవింగ్ ఐయామ్ రేవింగ్' బ్రిటన్ చార్టుల్లో 2వ స్థానానికి ఎగబాకింది. కానీ బాణీ అమెరికన్ గాయకుడు మార్క్ కోన్‌ది. అనుమతి తీసుకోలేదు. దాంతో రికార్డు కొత్త ప్రతులు ఆగిపోయాయి.

అయితే అలాంటి రికార్డులు వేసిన దారిలోనే జంగిల్ సంగీతం పుట్టింది. దానికి ఊపిరి 1969 నాటి 'ఆమెన్, బ్రదర్'లోని కొన్ని సెకన్ల డ్రమ్ము దరువు. దాన్ని వాయించిన గ్రెగరీ కోల్‌మన్ మాత్రం రాయల్టీ పైసా అందకుండానే 2006లో కన్నుమూశారు. బాణీకి దక్కిన హక్కు దరువుకు దక్కలేదు.