సర్జరీ సీటు వచ్చాక సంగతి: డ్యూటీ చార్టు, లాగ్‌బుక్, పాతబస్తీ

కొంచెం పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

పీజీ కౌన్సెలింగ్ మొదలైందంటే ఈ గ్రూపు నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తది. "అన్నా, జనరల్ సర్జరీ వస్తోంది, తీసుకోవాలా? అక్కడ మనోళ్లను చేయనిస్తరా?" మొదటి ముక్కకు మీ ర్యాంకు చూసి ఎవరైనా జవాబు చెప్తరు. రెండో ముక్కకు జవాబు చెప్పేటోళ్లు తక్కువ. పాతబస్తీలో ఒక టీచింగ్ దవాఖానాలో పీజీల ట్రైనింగ్ చూసుకునే పని నా మీద ఉంది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్న. ఏ దవాఖానా అనేది రాయను. ఇక్కడ ఒకటి కంటే ఎక్కువే ఉన్నయి.

సీటు దాకా లెక్క అందరికీ తెలుసు. ఆల్ ఇండియా కోటాలో ఎస్టీలకు 7.5 శాతం. తెలంగాణలో 2022లో 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ఆ లెక్క జాయినింగ్ రోజుతో అయిపోతది. తర్వాత మూడేళ్లలో ఎన్ని హెర్నియాలు, ఎన్ని అపెండిక్సులు మీ చేతుల మీదుగా పోతయి అన్నదానికి ఏ జీవో లేదు. సర్జన్ తయారయ్యేది మాత్రం అక్కడే.

కోఆర్డినేటర్ అంటే పేరు పెద్దది గానీ చేసేది సగం గుమాస్తా పని. ఎవరు ఏ యూనిట్‌లో, ఎవరికి ఎమర్జెన్సీ రోజు, ఎవరు థీసిస్ ప్రోటోకాల్ ఇంకా ఇవ్వలేదు, ఎవరి హాజరు 80 శాతం కిందికి జారుతోంది, ఎవరిని జిల్లాకు పంపాలె. ఇవన్నీ ఒక ఎక్సెల్ షీటు, ఒక వాట్సాప్ గ్రూపు, ఒక పాత రిజిస్టర్. ఆ మూడూ ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలవవు.

రెసిడెంట్ అంటే అసలు అర్థం దవాఖానాలోనే కాపురం ఉండేటోడు. అమెరికాలో బాల్టిమోర్ జాన్స్ హాప్కిన్స్ దవాఖానా 1889లో తెరిచినప్పుడు హాల్‌స్టెడ్ అనే సర్జన్ ఈ పద్ధతి కట్టిండు. ఏండ్ల తరబడి అక్కడే ఉండి, మెట్టు మెట్టుగా బాధ్యత పెంచుకుంటూ నేర్చుకోవాలె. ఆయన గొప్పోడే. కొకైన్‌కు, తర్వాత మార్ఫిన్‌కు అలవాటు పడ్డ మనిషి కూడా. నిద్ర లేకుండా పని చేసుడే సర్జన్ గుణం అన్న ఆలోచన ఎటువంటి మనిషి నుంచి వచ్చిందో యాది పెట్టుకోండి. ఆ దేశం 2003లో రెసిడెంట్లకు వారానికి 80 గంటల హద్దు పెట్టుకుంది. మన దగ్గర నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నిబంధనల్లో న్యాయమైన పనిగంటలు, తగిన విశ్రాంతి, వారానికి ఒక సెలవు అని రాసి ఉంది. సెలవు పక్కనే "పని అవసరాన్ని బట్టి" అని కూడా ఉంది. మొత్తం కథ ఆ చిన్న మాటలోనే నడుస్తది.

ఆ కాలంలో హైదరాబాద్ కూడా వెనక లేదు. 1846లోనే ఇక్కడ మెడికల్ స్కూల్ పెట్టిండ్రు, మొదట్లో పాఠాలు ఉర్దూలో. 1888, 1889లో లారీ దొర క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే జరిగినయి. రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ ఆమె ఇక్కడే చదివి మత్తు ఇచ్చింది, ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్ అని ఆమెను చెప్తరు. 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదలో అఫ్జల్‌గంజ్ దవాఖానా కొట్టుకుపోతే, ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికిండ్రు. చెట్టు ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత కట్టిందే ఉస్మానియా. దాని కొత్త బిల్డింగుకు 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన అయింది. పెద్ద బాలశిక్ష చెప్తున్న అనుకోకండి. ఉర్దూలో డాక్టరీ చెప్పిన ఊళ్లో మన కోయ, గోర్ బోలీ, గోండీ యాస ఉన్న ఇంగ్లిష్ విని నవ్వేటోళ్లకు ఈ చరిత్ర తెల్వదు, అందుకని.

ఇగ అసలు విషయం లాగ్‌బుక్. ప్రతి ఆపరేషన్‌కు ఒక గుర్తు రాస్తరు. ఓ అంటే చూసిండు. ఏ అంటే సాయం చేసిండు. పీఏ అంటే ఇంకొకరి సాయంతో తానే చేసిండు. పీఐ అంటే సొంతంగా చేసిండు. మీ మూడేళ్ల జాతకం ఈ అక్షరాల్లో ఉంటది. చాలామంది పరీక్షకు ముందు పదిహేను రోజులు కూర్చొని మొత్తం ఒకేసారి నింపుతరు. నేను నెల నెలా అడగడం మొదలుపెట్టిన. ఎందుకో పెద్ద ఆలోచన ఏమీ లేదు, చివర్లో వంద సంతకాలు పెట్టే బాధ తప్పుతదని.

నెల నెలా చూస్తే ఒకటి కనబడ్డది. ఒకే బ్యాచు, ఒకే యూనిట్లు. కొందరి పేజీల్లో పీఏలు వరుసగా ఉన్నయి. ఇంకొందరి పేజీ నిండా ఏ, ఏ, ఏ. రిట్రాక్టర్ పట్టుకునుడు, కుట్టు దారం కత్తిరించుడు, తెల్లారి డ్రెస్సింగ్. అట్లున్న పేజీల్లో ఒకటి తండా నుంచి వచ్చిన ఒక చెల్లెది. పని తక్కువ చేసే పిల్ల కాదు. షుగర్ కాళ్ల వార్డు మొత్తం ఆమె చేతి మీద నడుస్తది. పాతబస్తీలో సర్జరీ అంటే సగం షుగర్ కాళ్లే, వేలు నల్లబడ్డంక వస్తరు. గోర్ బోలీ తెలిసినందుకు ఆమెకు దక్కనీ రెండు నెలల్లో వచ్చేసింది. "అమ్మా, పావ్ నక్కో హిలావ్" అంటే ముసలమ్మలు మురిసిపోతరు. మా కోయోళ్లకు ఆ సుఖం లేదు, నాకు రెండేళ్లు పట్టింది.

ఎవరో కూర్చొని కుట్ర చేసిండ్రని నేను అనను. థియేటర్‌లో పొద్దున ఎట్ల జరుగుతదో చూస్తే అర్థమైతది. "ఈ కేసు ఎవరు చేస్తరు?" అని పెద్ద సార్ అడుగుతడు. ఎవరు ముందు "నేను సార్" అంటే వాళ్లది. నాయన డాక్టర్ అయిన పిల్లలకు ఆ మాట నోట్లో రెడీగా ఉంటది. ఆశ్రమ పాఠశాలలో పెరిగిన మనకు పెద్దోళ్లు పిలిచేదాకా ఆగుడు మర్యాద. ఆ మర్యాదే లాగ్‌బుక్‌లో ఏ అయి కూర్చుంటది.

థియేటర్ తలుపు మీద ఒక కాగితం అంటించిన. హెర్నియా, హైడ్రోసిల్, అపెండిక్స్, ఈ మూడింటికి పేర్ల వరుస. ఒక సీనియర్ సార్ కోపానికి వచ్చిండు. "సర్జరీ ఏమన్నా రేషన్ షాపా, లైన్ల నిలబెడుతున్నవ్?" అన్నడు. ఆయన మాటలో సగం న్యాయం ఉంది, అది కూడా చెప్పాలె. టేబుల్ మీద పడుకున్నది బండి మీద పండ్లు అమ్మే మనిషి, ఆటో నడిపే మనిషి. డబ్బులుంటే ఇక్కడికి రాకపోవు. మన న్యాయం కోసం ఆయన కడుపు మీద ప్రయోగం చేసే హక్కు ఎవరికీ లేదు. అందుకని కాగితంలో ఇంకో గడి చేర్చినం. ఇన్ని కేసుల్లో సాయం చేసి, ముడి వేయడం బల్ల మీద చూపించి, ఆపరేషన్ మెట్లు నోటితో చెప్పగలిగితేనే వరుసలో పేరు. అప్పుడు సార్ ఒప్పుకున్నడు. చెల్లె పేరు ఆ రోజే ఎక్కింది, చూపించడానికి ఆమె దగ్గర కావల్సినన్ని ఏలు ఉన్నయి కదా. ఆమె మొదటి హెర్నియాకు రిట్రాక్టర్ నేను పట్టుకున్న. మామూలుకంటే చాలా ఎక్కువసేపు పట్టింది. మత్తు డాక్టర్ రెండుసార్లు గడియారం చూసిండు. తొందరపెట్టలేదు, అదే పెద్ద సాయం.

ఇంకో మాట. 2019 మే 22న ముంబైలో పాయల్ తడ్వీ చనిపోయింది. తడ్వీ భిల్లుల పిల్ల, గైనకాలజీ పీజీ. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో చదివే మన అమ్మాయి సంగతి ఈ గ్రూపులో ఎవరూ మర్చిపోలేదు. కేసుల్లో ఎవరిది తప్పో కోర్టులు చూసుకుంటయి. నేను చెప్పేది చార్టు వేసేటోడిగా. వేధింపు చాలాసార్లు తిట్టులాగ రాదు, డ్యూటీలాగ వస్తది. వరుసగా మూడు నైట్లు ఒకరికే. పోస్ట్ డ్యూటీ ఆఫ్ ఒకరికే ఉండదు. థియేటర్ రోజున ఒకరినే వార్డులో ఉండమంటరు. అందుకే చార్టును ఫొటో తీసి దాచుకోండి. గ్రూపులో మార్చిన మెసేజ్ కూడా. మాటకు మాట అంటే సాక్ష్యం ఉండదు, చార్టుకు ఉంటది.

చార్టులో అందమైన సంగతులు కూడా ఉన్నయి. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళ ముస్లిం పీజీలను థియేటర్‌లో పెట్టకుండ మనోళ్లు, హిందూ పిల్లలు సర్దుకుంటరు. మేడారం జాతర వారం వాళ్లు సర్దుతరు. "సర్, సమ్మక్కకు నా తరఫున బంగారం పెట్టమనండి" అన్నడు ఒకడు, బంగారం అంటే బెల్లం అని తెలిసే అన్నడు. లాల్‌దర్వాజ బోనాలు, మొహర్రం ఊరేగింపు, గణేశ్ నిమజ్జనం రోజుల్లో చార్మినార్ చుట్టూ రోడ్లు మూసేస్తరు, తెల్లారి రావాల్సినోళ్లు రాలేరు. ఆ మూడు రోజులకు నైట్ డ్యూటీ ఇద్దరికి ఎక్కువ వేస్తం.

జిల్లా రెసిడెన్సీ గురించి చాలామంది భయంగా అడుగుతరు. మూడో సెమిస్టర్ నుంచి ఐదో సెమిస్టర్ లోపల మూడు నెలలు జిల్లా దవాఖానాలో పనిచేయాలె. స్టైపెండ్ ఆగదు. సిటీ పిల్లలు హైదరాబాద్‌కు దగ్గర జిల్లాల కోసం తిరుగుతరు. మీరు ఏజెన్సీ అడగండి. అక్కడ పీజీలు తక్కువ, కేసు మీ చేతికే వస్తది. పైగా ముసలాయన కోయలో నొప్పి చెప్తుంటే కోయలోనే జవాబు చెప్పే డాక్టర్ అక్కడ ఎంతమంది ఉన్నరు?

ఆ చెల్లె అదే అడిగి పోయింది. రెండో వారంలో రాత్రి పదకొండుకు ఫోన్ చేసింది. "సర్, పదేళ్ల బాబు, అపెండిక్స్ పగిలినట్టుంది. మత్తు డాక్టర్ పొద్దున్నే వస్తరట. నాకు చేయాలనే ఉంది, కానీ..." అన్నది. ఏమేం ఇచ్చినవని అడిగిన. సెలైన్, యాంటీబయాటిక్, ముక్కులో ట్యూబు, అన్నీ అయినయి. పంపమన్న. అప్పటికే 108కి చెప్పిందట. బాబు తల్లికి వాళ్ల భాషలోనే రెండుసార్లు చెప్పి, బండి ఎక్కించి, అవతలి దవాఖానా డ్యూటీ సర్జన్‌కు ఫోన్ చేసి, అప్పుడు నాకు చేసింది.

ఇంతా చేసి, లాగ్‌బుక్‌లో ఏం రాయాలె అని అడిగింది. చూసింది కాదు, సాయం చేసింది కాదు, ఆపరేషన్ చేసింది అసలే కాదు. దానికి గడి లేదు. రిమార్కుల్లో రాయి, సంతకం నేను పెడ్త అన్న.