మున్నేటి లోతు, సెల్‌ఫోను లోతు

తమ్ముళ్ళూ!

మేము ముగ్గురం ఈ హాస్టల్లోనే పదో తరగతి దాకా చదివాము. ఇప్పుడు నందిగామలో గది తీసుకుని డిగ్రీ చదువుతున్నాము. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగితే, మాకు జరిగిందే రాద్దామనుకున్నాము.

హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం వస్తే ఎవరికీ చెప్పకుండా మున్నేటికి పోయేవాళ్ళం. మాలో ఇద్దరికి ఈత రాదు. అయినా భయం వేసేది కాదు. రోజూ చూసే ఏరు కదా! 2022 జనవరిలో చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర ఇదే మున్నేట్లో ఐదుగురు పిల్లలు మునిగి చనిపోయారు. ఆనాటితో మా షికార్లు ఆగాయి.

రోడ్డు సంగతీ అంతే. 2017 ఫిబ్రవరి 28న మన మండలం ముండ్లపాడు దగ్గర హైవే మీద బస్సు కల్వర్టులో పడి పదిమంది దాకా చనిపోయారు. దేశం మొత్తం మీద 2022 ఒక్క ఏడాదిలోనే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అయినా ఆ హైవే మీదే ఆటోలో డ్రైవరు పక్కన వేలాడుతూ పోతాం. అలవాటైన ప్రమాదం మన కంటికి ఆనదు.

సెల్‌ఫోనులో పరిచయమైన మనిషిని కలుస్తామంటే మాత్రం పెద్దవాళ్ళు హడలిపోతారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. ఏట్లో నీళ్ళయినా కనబడతాయి. ఫోనులో పేరూ, ఫోటో రెండూ వేరొకరివి కావచ్చు.

మాకు రెండూ అనుభవమే. పోటీ పరీక్షల గ్రూపులో పరిచయమైన ఖమ్మం కుర్రాడిని కలవడానికి పట్టపగలు, బస్టాండులో, ముగ్గురం కలిసి వెళ్ళాము. ఇంట్లో చెప్పే వెళ్ళాము. అతను పాత ప్రశ్నపత్రాలు తెచ్చిచ్చాడు. నేటికీ మాకు మంచి స్నేహితుడు.

ఇంటర్‌లో ఉండగా మాలో ఒకడు అమ్మాయి పేరుతో వచ్చిన పరిచయాన్ని నమ్మి ఫోటో పంపాడు. దాన్ని పాడుగా మార్చి, డబ్బు పంపకపోతే ఊరంతా పంచుతామని బెదిరించారు. పరీక్ష ఫీజుకని అమ్మ మిరప కోతకు వెళ్ళి పంపిన రెండు వేలూ పోయాయి. పద్దెనిమిది రోజులు వాడు మాకు కూడా చెప్పలేదు. అన్నం సరిగా తినేవాడు కాదు. తిడతారనీ, ఫోను లాక్కుంటారనీ భయం. ఒక రాత్రి ఏడుస్తూ బయటపెట్టాడు. మేము 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించాము. డబ్బు తిరిగి రాలేదు. వాడు మాత్రం మాకు దక్కాడు.

మా ఇద్దరు పరిచయస్తులూ ఫోనులో దొరికినవాళ్ళే. మొదటిసారి నలుగురికీ తెలిసేలా వెళ్ళాము. రెండోసారి వాడొక్కడే, చాటుగా దిగాడు. తేడా అంతా అక్కడే ఉంది.

కాబట్టి తమ్ముళ్ళూ, ఏటికైనా, ఫోను స్నేహానికైనా ఒకటే పద్ధతి: ఒంటరిగా దిగవద్దు, చెప్పకుండా పోవద్దు. కాలు జారితే గట్టిగా కేకవేయండి. పెద్దలకు మా విన్నపం ఒక్కటే. కేక వినగానే ముందు చెయ్యి అందించండి. తిట్లు తర్వాత తిట్టవచ్చు.