బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడందే డబ్బులివ్వం. చింతపండు కొన్నా గింజ ఉందా, తడి ఉందా అని నొక్కి చూస్తాం. అదే లక్షలు పోసి పాత కారు కొనే రోజున మాత్రం మనల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి, "రంగు బావుందా?" అని ఒక్క మాట అడిగి ఊరుకుంటారు మగవాళ్ళు. మొన్నటిదాకా మా ఇంట్లోనూ అంతే.

మా అబ్బాయి ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో పనిచేస్తాడు. వాడికి స్పోర్ట్స్ సెడాన్ పిచ్చి పట్టుకుంది. చూడ్డానికి ఇంటిల్లిపాదీ ఎక్కే నాలుగు తలుపుల కారే. లోపల మాత్రం టర్బో ఇంజను, తొక్కితే లేడిపిల్లలా దూకుతుంది. స్కోడా వాళ్ళ ఆక్టేవియా ఆర్ఎస్ అంటే ఈ కుర్రాళ్ళకి కులదైవంట. మన దేశానికి 2004లో ఒకటి వచ్చింది. 2017లో 230 హార్స్‌పవర్‌ది వచ్చింది. 2020లో 245ది దేశం మొత్తానికి 200 కార్లే తెచ్చారు. ఇవన్నీ నాకు భోజనాల దగ్గర వినీ వినీ కంఠతా వచ్చేశాయి.

జూబ్లీహిల్స్‌లో ఇలాంటి పాత కార్లకు కొదవలేదు. రెండేళ్ళు నడిపి, మోజు తీరగానే అమ్మేసేవాళ్ళు ఉంటారు కదా. బ్రోకర్ మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "హీరోగారు వాడిన బండి మేడమ్!" ఏ హీరో అంటే మాత్రం నవ్వి ఊరుకుంటాడు. ఆర్సీ తీసి చూస్తే పేరు ఇంకెవరిదో ఉంటుంది.

చివరికి ఒక కారు కుదిరింది. ఆ తరహాదే, కంపెనీ పేరు ఇక్కడ ఎందుకులెండి. పదకొండు లక్షలు. వాడి దగ్గర ఏడున్నాయి. మిగతా నాలుగూ నేను అమ్మాయి పైచదువుకని కడుతున్న చిట్టీ. "పాడేయమ్మా, ఏడాదిలో సర్దేస్తాను" అన్నాడు. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆయన అలా పెట్టుకున్నారంటే నిర్ణయం నా నెత్తిన పడిందన్నమాట.

మా పాత మారుతిని ఏళ్ళ తరబడి చూస్తున్న మెకానిక్ భాయ్‌ని అడిగాను. "అమ్మా, పొద్దున్నే వెళ్ళండి. ఇంజను చల్లగా ఉండాలి. ముందే స్టార్ట్ చేసి పెట్టొద్దని గట్టిగా చెప్పండి" అన్నాడు.

ఏడింటికల్లా వెళ్ళాం. తెల్లటి కారు, పెళ్ళికూతురిలా తళతళలాడుతోంది. అబ్బాయి చక్రాలు చూస్తుంటే నేను ఊరికే బానెట్ మీద చెయ్యి వేశాను. అప్పుడే పొయ్యి మీంచి దించిన పెనంలా ఉంది! "గేటు బయటికి తీశాం మేడమ్, అంతే" అన్నాడు బ్రోకర్. గేటు దాకా తీస్తే ఇంత కాగుతుందా? "అయితే రేపు మళ్ళీ వస్తాం, ముట్టుకోకండి" అని వచ్చేశాను. దారంతా వాడు నాతో మాట్లాడలేదు.

మర్నాడు భాయ్‌ని కూడా తీసుకెళ్ళాం. బానెట్ చల్లగా ఉంది. స్టార్ట్ చెయ్యగానే రేకు డబ్బాలో శనగలు వేసి ఆడించినట్టు రెండు మూడు సెకన్లు గలగల. తర్వాత ఏమీ ఎరగనట్టు సద్దుమణిగింది. ఇంజను లోపల సైకిల్ చెయిన్‌లాంటి టైమింగ్ చెయిన్ ఒకటుంటుందిట. దాన్ని బిగించి పట్టేది ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా ఆగిన బండిలో ఆయిల్ కిందికి దిగిపోతుంది కాబట్టి, ఆ భాగం అరిగితే చప్పుడు పొద్దున్నే వినపడాలి. బండి వేడెక్కాక వినపడదు. చెయిన్ గనక పళ్ళు జారితే వాల్వులూ పిస్టన్లూ కొట్టుకుని ఇంజనే పోతుంది. నిన్న బానెట్ ఎందుకు కాలిందో నాకు అప్పుడు తెలిసింది.

తర్వాత గేర్‌బాక్స్. భాయ్ మా వాణ్ణి ఖాళీ రోడ్డు మీదికి పోనివ్వలేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ ట్రాఫిక్‌లో పెట్టించాడు, తర్వాత ఎత్తు మీదికి మెల్లగా ఎక్కించాడు. వేగంగా పోయేటప్పుడు వెన్నలా ఉన్న బండి, అంగుళం అంగుళం జరిగేచోట బెల్టు జారిన గ్రైండరులా వణికింది. ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లలో ఏడు గేర్ల పొడి క్లచ్ రకం ఒకటి, ఆయిల్‌లో మునిగి ఉండే ఆరు గేర్ల రకం ఒకటి ఉన్నాయి. మన ఊరి ట్రాఫిక్‌లో పొడిది త్వరగా వేడెక్కి అరుగుతుంది. ఇదేం చిన్న సంగతి కాదు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ ఈ డీఎస్‌జీ గేర్‌బాక్స్ గొడవతోనే చైనాలో 3 లక్షల 84 వేలకు పైగా కార్లు వెనక్కి పిలిపించింది. ఆయిల్‌లో ఉండేది గట్టిదే, కానీ 60,000 కిలోమీటర్లకొకసారి ఆయిల్ మార్చిన బిల్లు చూపించాలి. మాకు చూపించిన బండి ఏడు గేర్లది. బాగుచేయించాలంటే రెండు లక్షల పైమాటే అన్నాడు భాయ్.

ఇక వాసనల దగ్గర నేనే గురువుని. కారులో లావెండర్ సెంటు ముక్కులు బద్దలయ్యేలా కొట్టారు. దాని కింద ఎండని బట్టల ముక్క వాసన. మ్యాట్ తీసి కార్పెట్ మీద అరచెయ్యి నొక్కితే తడి! 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో గుర్తుందిగా. గుండె గుభేలుమంది. భాయ్ సీటు బెల్టు చివరిదాకా లాగి చూశాడు. మునిగిన బండైతే ఆ చివర బురద చార ఉంటుందిట. లేదు. సన్‌రూఫ్ మూలల్లో నీళ్ళు పోయే సన్నటి గొట్టాలు ఆకులతో పూడుకుపోయాయంతే. అది వందల్లో పోయే పని. కానీ ఆ తడి సీటు కింది వైర్లదాకా పాకితే వేలు దాటుతుంది.

టైరు పక్కన నాలుగంకెలుంటాయి, చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. ఈ బండికి ముందువొకటి, వెనకవొకటి. కూలెంట్ డబ్బా చుట్టూ, ఇంజను పక్కన ఎండిన గులాబీ రంగు పొర ఉంటే ఎక్కడో కారుతున్నట్టే. బ్యాంకు అప్పు తీరినట్టు ఎన్ఓసీ, 29, 30 నంబర్ల ఫారాలు, ట్రాఫిక్ చలాన్లు మీకు తెలిసినవే.

భాయ్ స్కానర్ పెట్టాక అసలు సంగతి బయటపడింది. ఇంజను కంప్యూటర్‌ని మార్చి, పవర్ పెంచారు. అంత బలం ఆ క్లచ్ ఏం తట్టుకుంటుంది? నేను గాభరాగా అబ్బాయి వైపు చూస్తే, వాడు తల దించుకున్నాడు. వాడికి ముందే తెలుసు! "స్టేజ్ వన్ చేయించిన బండని చెప్పారమ్మా, అది ప్లస్ పాయింటే కదా" అని గొణిగాడు. నాకు బ్రోకర్ మీద రాని కోపం వాడి మీద వచ్చింది. చెల్లెలి చదువు డబ్బు అడిగినప్పుడు ఆ మాట ఎందుకు దాచినట్టు?

బ్రోకర్ అక్కడికక్కడే లక్షన్నర తగ్గించాడు. అబ్బాయి నా మొహం చూశాడు. "చిట్టీ పాడను" అన్నాను. మూడు రోజులు కంచం ముందు పెడితే తిన్నాడే గానీ మాట్లాడలేదు. మావారు పేపరు ఇంకాస్త పైకెత్తారు.

నెలయ్యాక నిన్న రాత్రి పాలగ్లాసు పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. బంజారాహిల్స్‌లో ఒక బండి చూశాట్ట. ఆరు గేర్లది, సర్వీసు బిల్లులన్నీ ఉన్నాయిట, ఎవరూ ఏమీ మార్చలేదుట. "రేపు ఆరింటికి వస్తావా అమ్మా? ముందే స్టార్ట్ చెయ్యొద్దని చెప్పాను" అన్నాడు. "మరి డబ్బు?" అన్నాను. ఈసారి బ్యాంకులో అడిగాట్ట, చిట్టీ ఊసెత్తలేదు. పొద్దున్నే ఇడ్లీపిండి పులుస్తుందని ఫ్రిజ్‌లో పెట్టేసి, అలారం అయిదింటికి పెట్టుకున్నాను.